ఇంటి నిండా సామాను: ఎవరి తోడుతో తగ్గుతుంది?

అటక మీద చోటు చాలక సామాను మంచం మీదికి దిగుతుంది. మంచం నిండితే నేల మీదికి వస్తుంది. నేల నిండితే గోడ వారగా ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత దారి మిగులుతుంది. పాత పేపర్లు, నూనె డబ్బాలు, ప్లాస్టిక్ కవర్లు, చెడిపోయిన మిక్సీలు, పిల్లలు ఎప్పుడో చదివేసిన బడి పుస్తకాలు, ఎవరూ కట్టని చీరలు. చుట్టాలు రావడం తగ్గిపోతుంది, వచ్చినా గడప దగ్గరే మాట్లాడి పంపించేస్తారు. ఊరు ఆ మనిషికి పిసినారి అనో, పిచ్చి అనో, సోమరి అనో పేరు పెడుతుంది. ఈ మూడు పేర్లలో ఏదీ నిజం కాదని పరిశోధకులు ముప్పయ్యేళ్లకు పైగా చెబుతున్నారు. అలాంటి ఇంటికి ఎవరు సాయం వెళ్లాలి, వెళ్లి ఏం చేయాలి అనే ప్రశ్నకు కూడా వాళ్లు చాలావరకు జవాబు కనిపెట్టారు. ఆ జవాబులు మన ఊళ్లలో ఎంతవరకు పనికొస్తాయో చూడడమే ఈ సమీక్ష పని.

ఊరంటే నా మనసులో ఉన్నది సత్రపట్టి. విరుదునగర్ జిల్లాలో రాజపాళయం పక్కనున్న మరమగ్గాల ఊరు. ఆసుపత్రుల్లో గాయాలకు కట్టే బ్యాండేజి గుడ్డకు పేరు మోసింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఈ ప్రాంతంలో తరతరాలుగా ఉన్నాయి. ఇలాంటి ఊళ్లో ఇంటి దగ్గర సరుకు ఉండడం తప్పు కాదు, అదే బతుకుతెరువు. నూలు వస్తుంది, గుడ్డ అవుతుంది, కట్టలు కట్టించుకుని బండెక్కి వెళ్లిపోతుంది. అందుకే సామాను ఎంత ఉందన్నది ఇక్కడ సరైన ప్రశ్న కాదు. అది కదులుతోందా, అది ఉన్న గదిలో మనుషులు బతకగలుగుతున్నారా అని అడగాలి. వైద్యశాస్త్రం కూడా చివరికి ఇంచుమించు ఇదే కొలతకు వచ్చింది.

ఏది అలవాటు, ఏది జబ్బు

ఈ సమస్యను మొదట వృద్ధుల్లో చూశారు. 1966లో బ్రిటన్ వైద్యులు మెక్మిలన్, షా తమను తాము పట్టించుకోవడం మానేసి చెత్త మధ్య ఒంటరిగా బతుకుతున్న ముసలివాళ్ల గురించి రాశారు. 1975లో క్లార్క్, ఆయన సహచరులు అలాంటి స్థితికి గ్రీకు తత్వవేత్త డయోజినిస్ పేరు పెట్టారు. ఆ పేరు సరిపోదు. డయోజినిస్ ఏమీ దాచుకోనివాడు. పైగా సామాను పోగుచేసే వాళ్లలో చాలామంది ఒంటి శుభ్రత తప్పనివాళ్లే, ఉద్యోగాలు చేసేవాళ్లే. 1993లో రాండీ ఫ్రాస్ట్, రేచల్ గ్రాస్ ఈ అలవాటు మీద పద్ధతి ప్రకారం పరిశోధన మొదలుపెట్టారు. 1996లో ఫ్రాస్ట్, హార్ట్ల్ ఒక నిర్వచనం ఇచ్చారు. విలువ లేనట్టు కనిపించే వస్తువులను విపరీతంగా సేకరించడం, వాటిని వదలలేకపోవడం, గదులు అవి ఉన్న పనికి పనికిరాకుండా పోవడం, దానివల్ల మనిషి బాధపడడం లేదా బతుకు కుంటుపడడం అందులోని అంశాలు. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో విడుదల చేసిన డీఎస్ఎం అనే రోగ నిర్ధారణ గ్రంథం ఐదో కూర్పు దీన్ని విడి రుగ్మతగా గుర్తించింది. అంతకుముందు దీన్ని ఓసీడీ అనే, వద్దన్నా వెంటాడే ఆలోచనల రుగ్మతలో ఒక లక్షణంగానో, ఒక వ్యక్తిత్వ దోషంగానో చూసేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పదకొండో వర్గీకరణలోనూ దీనికి సొంత చోటు దొరికింది.

ఎంతమందికి ఉంటుంది? అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2019లో చేసిన విశ్లేషణ నూటికి సుమారు 2.5 మంది అని తేల్చింది. సింగపూర్ సర్వేలో అది 0.8 శాతమే. పోగుచేసే తత్వం తరచుగా పదకొండు, పదిహేనేళ్ల మధ్య మొలకెత్తుతుంది. అయితే ఇల్లు నిండడానికి దశాబ్దాలు పడుతుంది కాబట్టి అందరి కంటా పడేది వయసు మళ్లాకే. మన దేశంలో బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు ఓసీడీ ఉన్న 200 మందిని పరిశీలించి 2012లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో పదిశాతం మందిలో పోగుచేయడం చెప్పుకోదగ్గ స్థాయిలో కనిపించింది. కానీ వాళ్లు ఆసుపత్రికి వచ్చింది వేరే బాధలతో. సామాను ఎక్కువైందని డాక్టరు దగ్గరికి వెళ్లే అలవాటు మనకు లేదు.

కొలవడానికి వాడే సాధనాల్లో ఒకటి చదువు రానివాళ్లకు కూడా అర్థమవుతుంది. 2008లో వచ్చిన ఆ సాధనంలో వంటగది, పడకగది, కూర్చునే గది ఒక్కోదానికి తొమ్మిదేసి ఫొటోలు ఉంటాయి. మొదటి ఫొటోలో గది ఖాళీగా ఉంటుంది, తొమ్మిదోదానికి వచ్చేసరికి నేల కనపడదు. మీ గది దేనికి దగ్గరగా ఉందో చూపమంటారు. నాలుగో ఫొటో దాకా వస్తే ఆలోచించాల్సిన సమయం వచ్చినట్టే. దీంట్లో ఒక మంచి సంగతి ఉంది. మనిషిని నువ్వు ఎలాంటివాడివని ఎవరూ అడగరు, గది ఎలా ఉందనే అడుగుతారు. సిగ్గు అడ్డురాదు.

ఇల్లు చిందరవందరగా ఉండడం వేరు, ఈ రుగ్మత వేరు. పెళ్లి పనుల్లోనో, పసిబిడ్డ పుట్టినప్పుడో, జబ్బు చేసినప్పుడో ప్రతి ఇల్లూ చెదురుతుంది, తర్వాత కుదుటపడుతుంది. నాణేలో, తపాలా బిళ్లలో సేకరించేవాడు వాటిని వరసగా పెట్టుకుంటాడు, నలుగురికి చూపించి మురుస్తాడు. పోగుచేసేవాళ్లు నలుగురికీ కనపడకుండా తలుపు వేసుకుంటారు.

ఎందుకు వదలలేరు

లేమి చూసినవాళ్లే దాస్తారని మనందరి నమ్మకం. కరువు కాలంలో పుట్టిన అమ్మమ్మ కొబ్బరి పీచు కూడా పారేయదని చెప్పుకుంటాం. పరిశోధన మాత్రం దీన్ని బలపరచలేదు. చిన్నప్పుడు వస్తువులకు కరువుపడడానికీ పెద్దయ్యాక ఈ రుగ్మత రావడానికీ స్పష్టమైన లంకె ఫ్రాస్ట్, గ్రాస్‌కు 1993లో దొరకలేదు, తర్వాత చూసినవాళ్లకూ దొరకలేదు. ఆప్తుల మరణం, హింస, ఇల్లు కోల్పోవడం లాంటి దెబ్బలతో మాత్రం సంబంధం కనిపించింది. వంశపారంపర్యం కూడా ఉంది. బ్రిటన్‌లో అయిదు వేల మందికి పైగా కవలల మీద 2009లో చేసిన అధ్యయనం ఈ తత్వంలో దాదాపు సగం పుట్టుకతో వచ్చేదని అంచనా వేసింది. కాబట్టి అమ్మదీ కూతురిదీ ఒకే తీరు అయితే అది పెంపకం తప్పు అనడానికి లేదు.

మనసు లోపల ఏం జరుగుతుందో 2012లో డేవిడ్ టోలిన్ బృందం మెదడు స్కానింగ్‌తో చూసింది. పాల్గొన్నవాళ్ల ఇంటి నుంచి తెచ్చిన కాగితాలను, పరిశోధకుల కాగితాలను ఒక్కొక్కటిగా చూపించి, ఉంచాలా చించేయాలా అని అడిగారు. వాళ్లు చించమన్న కాగితాలను చించేశారు. రుగ్మత ఉన్నవాళ్ల మెదడులో నిర్ణయాలకూ విలువ కట్టడానికీ సంబంధించిన భాగాలు పరాయి కాగితాల విషయంలో మందకొడిగా ఉండి, తమ కాగితం వచ్చేసరికి మితిమీరి పనిచేశాయి. అది చించాలా వద్దా అనే ప్రశ్న వాళ్లకు చిన్న ప్రశ్న కాదు. మనం రెండు క్షణాల్లో తేల్చే సంగతి వాళ్లను అలసటకు గురిచేస్తుంది. అలసట తప్పించుకోవడానికి వస్తువును మళ్లీ గుట్ట మీదే పెడతారు. ఇల్లు నిండడానికి కారణం ఆశ కంటే వాయిదాయే ఎక్కువ.

ఉంచుకోవడానికి వాళ్లు చెప్పే కారణాలు అందరం చెప్పేవే: ఎప్పుడైనా పనికొస్తుంది, పారేస్తే పాపం, ఇది ఫలానావాళ్ల గుర్తు. తేడా ఏమిటంటే, ఈ మాటలు వాళ్లకు ప్రతి వస్తువుకూ వర్తిస్తాయి. తెలుగు, తమిళ ఇళ్లలో వీటికి ఇంకొన్ని తోడవుతాయి. శుభలేఖ మీద పసుపు రాసి ఉంటుంది, వినాయకుడి బొమ్మ ఉంటుంది, దాన్ని చెత్తలో ఎలా వేయడం? పాత కాలెండర్‌లో వేంకటేశ్వరస్వామి ఉన్నాడు. ఇత్తడి బిందె మీద నానమ్మ పేరు చెక్కి ఉంది. స్టీలు సామాను కూతురి సారెకు కొన్నది, కూతురు పెళ్లయి వెళ్లిపోయింది, ఆ ఇంట్లో చోటు లేదంది. పోయినవాళ్ల బట్టలు పెట్టెలో మడతపెట్టి ఉన్నాయి. ఇవి మూఢనమ్మకాలు కావు, మర్యాదలు. సాయానికి వచ్చినవాళ్లు వీటిని ఎగతాళి చేస్తే పని అక్కడితో ఆగిపోతుంది.

ఊడ్చిపారేస్తే

చాలా కుటుంబాలు మొదట చేసేది ఒకటే. ఆ మనిషి ఊళ్లో లేని రోజు చూసి, నలుగురు మనుషుల్ని పెట్టి, ట్రాక్టరు తెప్పించి అంతా ఎత్తేస్తారు. మంచి మనసుతోనే చేస్తారు. ఫలితం ఎలా ఉంటుందో చెప్పడానికి అమెరికాలోని మసాచుసెట్స్ ఆరోగ్య అధికారుల అనుభవాలతో 2000లో వచ్చిన ఒక అధ్యయనం తరచుగా ఉదహరిస్తారు. ఒక చిన్న ఊరి ఆరోగ్య శాఖ తన బడ్జెట్‌లో చాలా భాగం, 16,000 డాలర్లు, ఒకే ఇంటిని ఖాళీ చేయించడానికి ఖర్చుపెట్టింది. పద్దెనిమిది నెలలు గడిచేసరికి ఇల్లు మళ్లీ అదే స్థితికి వచ్చింది. సామాను పోయింది గాని దాన్ని చేర్చిన మనసు అక్కడే ఉంది, ఇప్పుడు దానికి కోపం, దుఃఖం కూడా తోడయ్యాయి. ఆ తర్వాత ఆ మనిషి ఎవరినీ ఇంట్లోకి రానివ్వడు.

మనకు భోగి ఉంది. రాజపాళయంలోనైనా రాజమండ్రిలోనైనా సంక్రాంతి ముందు రోజు పాత సామాను బయటపడేది దాని పేరు మీదే. ఊరంతా ఒకేసారి చేసే పని కాబట్టి ఎవరికీ సిగ్గు ఉండదు, ఇదే భోగిలో గొప్ప గుణం. కానీ అది ఒక్క తెల్లవారుజాము వ్యవహారం. ఈ రుగ్మతకు నెలల తరబడి వారం వారం చేసే పని కావాలి. పైగా మంట వేడిలో పిల్లలు పెద్దవాళ్ల వస్తువులను అడగకుండా వేసేస్తే అది కూడా పైన చెప్పిన ట్రాక్టరు లాంటిదే. టైర్లు, ప్లాస్టిక్ కాల్చొద్దని తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి ఏటా చెప్పే హెచ్చరిక సరేసరి.

అయితే బలవంతం పనికిరాదు కదా అని చేతులు కట్టుకుని కూర్చోవడానికీ వీల్లేదు. ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ అగ్నిమాపక దళం పదేళ్ల లెక్కలు 2009లో తీసింది. ఇళ్లలో జరిగిన అగ్నిప్రమాదాల్లో సామాను నిండిన ఇళ్లవి 0.25 శాతమే, కానీ నివారించగలిగిన అగ్నిమరణాల్లో వాటి వాటా 24 శాతం. మంట అంటుకుంటే త్వరగా వ్యాపిస్తుంది, మనిషి బయటికి రాలేడు, బయటివాళ్లు లోపలికి పోలేరు. నూలు, దూది, గుడ్డ పీలికలు చుట్టూ ఉండే మగ్గాల ఊరికి ఈ లెక్క మరీ దగ్గరగా తగులుతుంది.

ఈ రెండింటి మధ్య ఒక దారి ఉంది. 2009లో మైకేల్ టాంప్కిన్స్, టామారా హార్ట్ల్ కుటుంబాల కోసం రాసిన పుస్తకం దాన్ని వివరించింది. ఇల్లు అందంగా ఉండాలని పట్టుపట్టరు. మనిషి క్షేమంగా ఉంటే చాలనుకుంటారు. పొయ్యి చుట్టూ, గ్యాస్ బండ చుట్టూ ఏమీ ఉండకూడదు. తలుపు పూర్తిగా తెరుచుకోవాలి. మంచం నుంచి స్నానాల గదికి రాత్రిపూట తడబడకుండా వెళ్లాలి. కరెంటు బోర్డు మీద గుడ్డలు వేలాడకూడదు. మందులు ఎక్కడున్నాయో తెలియాలి. మిగతా గుట్టలు ప్రస్తుతానికి అలాగే ఉండనీ. ఈ అయిదింటికి ఒప్పుకోని మనిషి అరుదు, ఎందుకంటే ఇందులో ఏదీ పారేయమని అడగడం లేదు, జరపమనే అడుగుతున్నారు.

వైద్యులు ఎంతవరకు చేయగలరు

ఈ రుగ్మతకు తగినట్టు మార్చిన ప్రవర్తనా చికిత్సకు అన్నిటికంటే ఎక్కువ ఆధారాలున్నాయి. వస్తువు తెచ్చుకోవాలన్న తహతహను తట్టుకోవడం, విభజించడం, నిర్ణయించడం, వదిలినప్పటి బాధ కాసేపటికి తగ్గుతుందని అనుభవంతో తెలుసుకోవడం అందులో నేర్పుతారు. 2015లో టోలిన్, ఆయన సహచరులు ఈ చికిత్స మీద వచ్చిన అధ్యయనాలను కలిపి చూశారు. లక్షణాలు బాగానే తగ్గుతున్నాయి. కానీ రోగం గీత దాటి బయటపడ్డామనదగ్గవాళ్లు సగం కంటే తక్కువే. వదలడంలో కష్టం తగ్గినంతగా గుట్టలు తగ్గడం లేదు. కొన్ని మందులు చిన్న ప్రయోగాల్లో మేలు చేశాయి గాని, ప్రత్యేకంగా దీనికోసమే ఆమోదం పొందిన మందు లేదు. కుంగుబాటు, ఆందోళన, ఏకాగ్రత లోపం చాలామందిలో వెంట ఉంటాయి. వాటికి వైద్యం చేస్తే మనిషికి పని మొదలుపెట్టే ఓపిక వస్తుంది. వయసు మళ్లాక హఠాత్తుగా మొదలైతే మతిమరుపు రోగమేమోనని తప్పక చూపించాలి.

సాటివాళ్ల తోడు

మొత్తం ప్రశ్నలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్న భాగం ఇదే. 2007లో టోలిన్, ఫ్రాస్ట్, స్టెకిటీ ఈ బాధ ఉన్నవాళ్లు సొంతంగా వాడుకునేందుకు ఒక పుస్తకం రాశారు. తర్వాత దాని ఆధారంగా గుంపులు మొదలయ్యాయి. పదిమంది లోపు మనుషులు వారానికోసారి కూర్చుని ఒక అధ్యాయం చదివి, ఆ వారం ఇంట్లో ఏం చేశారో చెప్పుకుంటారు. నడిపేది డాక్టరు కాదు, తరచుగా అదే బాధ పడిన మనిషి. 2012లో ఫ్రాస్ట్ బృందం ఇలాంటి గుంపులను, ఇంకా వంతు రాక వేచి ఉన్నవాళ్లతో పోల్చి చూసింది. గుంపులో ఉన్నవాళ్లు స్పష్టంగా మెరుగయ్యారు. 2018లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కరోల్ మాథ్యూస్ బృందం ఇంకా పెద్ద ప్రయోగం ఫలితాలు ప్రచురించింది. 323 మందిని చీటీ తీసినట్టు రెండు భాగాలు చేసి, కొందరిని సాటివాళ్లు నడిపే గుంపుల్లో, కొందరిని మనస్తత్వ నిపుణులు నడిపే గుంపుల్లో చేర్చారు. రెండు చోట్లా మేలు దాదాపు సమానంగా కనిపించింది.

మనలాంటి చోట్లకు ఇది ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. మనస్తత్వ నిపుణులు చాలినంతమంది లేని జిల్లాలు మనవి; అక్కడ నిపుణుడు కాని మనిషి కూడా పద్ధతి ప్రకారం నడిపి నిపుణుడి అంత మేలు చేయగలిగాడు. ఎలా? మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది సిగ్గు తగ్గడం. ఇన్నేళ్లూ తలుపేసుకున్న మనిషి, తన ఇంటి ఫొటో చూపిస్తే ఎదుటి మనిషి ముఖం చిట్లించకుండా తన ఫొటో కూడా తీయడం చూస్తుంది. రెండోది గడువు. వచ్చే వారం నలుగురికి చెప్పాలి కాబట్టి ఈ వారం ఒక సంచి చూడాలి. మూడోది నేర్పు. పక్కవాళ్ల సామాను విషయంలో వీళ్లూ చకచకా తేల్చేస్తారు, అదే నేర్పు తమ సామానుకు వాడడం గుంపులో అలవడుతుంది.

గుంపుకు ఒక లోటు ఉంది. మాటలు హాలులో, గుట్టలు ఇంట్లో. దాన్ని పూడ్చడానికి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కరోలిన్ రోడ్రిగెజ్ బృందం గుంపు పనికి ఇంటి దగ్గర సాధన కలిపి చూసింది. పాల్గొన్నది అయిదుగురే. అయినా గుట్టలు తగ్గించడంలో ఇంటికి వచ్చిన తోడు మేలు చేసింది. గుంపు ధైర్యం ఇస్తే, ఇంట్లో పక్కన కూర్చున్న మనిషి చేతికి పని ఇస్తుంది. రెండూ కావాలి.

జపాన్ నుంచి ఇంకో పాఠం. చెత్త నిండిన ఇళ్ల మీద ఇరుగుపొరుగు ఫిర్యాదులు పెరగడంతో టోక్యోలోని ఆదాచి వార్డు 2013లో ఒక నిబంధన అమల్లోకి తెచ్చింది. హెచ్చరించే అధికారంతో పాటు, శుభ్రం చేసుకునే శక్తి లేనివాళ్లకు సాయం చేసే బాధ్యతను కూడా అందులోనే పెట్టారు. ఫిర్యాదు వచ్చిన ఇంటికి నోటీసు కంటే ముందు మనిషి వెళ్లాలన్నది అందులోని వివేకం.

ఇంటివాళ్లు

కుటుంబాన్ని తప్పుపట్టే ముందు వాళ్ల కష్టం చూడాలి. 2008లో టోలిన్ బృందం ఇలాంటి ఇళ్ల బంధువులు 665 మందిని అడిగింది. పదేళ్లు నిండకముందు నుంచే ఆ గుట్టల మధ్య పెరిగినవాళ్లు, ఇంట్లోవాళ్లతో పేచీలు, స్నేహితులను ఇంటికి తీసుకురాలేకపోవడం, సంతోషం లేని బాల్యం గురించి మిగతావాళ్లకంటే ఎక్కువగా చెప్పారు. ఆ మనిషి మీద అసహ్యం పెంచుకున్నవాళ్లూ ఎక్కువే. కొడుకులూ కోడళ్లూ అరిచేది రాతిగుండెతో కాదు, ఏళ్ల తరబడి అలసిపోయి.

అందుకే ముందు కుటుంబానికి శిక్షణ కావాలని 2010 తర్వాత వచ్చిన పరిశోధనలు చెబుతున్నాయి. గ్రెగరీ ఛాసన్ బృందం 2014లో బంధువులకు నేర్పే ఒక పద్ధతిని పరీక్షించింది. పోట్లాట మానడం, ఆ మనిషి మార్పు కోరే క్షణం కోసం చూడడం, తమ ఆరోగ్యం, తమ సంతోషం కాపాడుకోవడం అందులో పాఠాలు. బంధువుల్లో ఆశ పెరిగింది, అలవాటుకు వంతపాడడం తగ్గింది.

ఆచరణలో తేలినదంతా కొన్ని నియమాల్లో చెప్పొచ్చు. అడగకుండా ఏదీ ముట్టుకోకూడదు. వస్తువును ఆ మనిషే చేతిలోకి తీసుకోవాలి, ఆ మనిషే చెప్పాలి. సహాయకులు సంచి పట్టుకోవాలి, పేరు రాయాలి, మోయాలి. ఒక్కసారి దొంగతనంగా పారేస్తే ఏడాది నమ్మకం పోతుంది. పని చిన్నగా ఉండాలి. గది కాదు, ఒక అర. పూట కాదు, అరగంట. కళ్లకు కనిపించే చోట మొదలుపెట్టాలి, అటక మీద కాదు. జ్ఞాపకాలున్న పెట్టె చివరికి ఉంచాలి, కాలం తీరిన మందులు, చిరిగిన కవర్లు ముందు చూడాలి. సామాను విడదీసేటప్పుడు గుట్టలు మూడు చాలు. రుగ్మత ఉన్నవాళ్లు తమ సామానును విడదీయబోతే మరీ ఎక్కువ గుట్టలు చేస్తారని, ఎక్కువసేపు తీసుకుంటారని 2007లో ఒక ప్రయోగం చూపింది.

మాట తీరు అన్నిటికంటే ముఖ్యం. "ఈ చెత్తంతా ఎందుకు పెద్దమ్మా?" అన్న ప్రశ్నకు జవాబు ఉండదు, గాయమే ఉంటుంది. "పెద్దమ్మా, రాత్రిపూట లేచినప్పుడు కాలికి తగిలేది ఏది? ముందు దాన్ని జరుపుదామా?" అంటే పని మొదలవుతుంది. "అత్తా, ఇవి ఆరు ఉన్నాయి, మీకు బాగా నచ్చింది ఏది?" అని ఉంచుకునేదాన్ని ఎంచమంటే, వదిలేవి వాటంతటవే తేలతాయి. బయటి నుంచి కొత్తది రాకుండా చూడడం కూడా సగం పని. ఈ రుగ్మత ఉన్నవాళ్లలో ఎనభై తొంభై శాతం మంది అవసరానికి మించి తెచ్చుకునేవాళ్లే. బజారుకు వెళ్లేటప్పుడు తోడు వెళ్లే చెల్లెలు, అరలు సర్దే చెల్లెలి అంత సాయం చేసినట్టే.

సత్రపట్టి లాంటి ఊళ్లో ఏమున్నాయి

పైన చెప్పినవన్నీ మన దగ్గర కొత్తగా కట్టాల్సిన అవసరం లేదు. చాలావరకు ఉన్నాయి, వేరే పనులకు వాడుతున్నాం.

వారం వారం కూర్చునే గుంపు మనకు కొత్త కాదు. తమిళనాడులో మహిళా స్వయం సహాయక సంఘాలు 1989లో ధర్మపురి జిల్లాలో మొదలై రాష్ట్రమంతా పాకాయి. పదిహేను ఇరవై మంది ఆడవాళ్లు కూర్చుని పొదుపు, అప్పు లెక్క చూసుకుంటారు. ఒకరి ఇంటి కష్టం ఇంకొకరికి తెలుసు. ఆ కూర్చోవడంలోనే నెలకోసారి, ఈ నెల ఇంట్లో ఏ మూల తేలికైందో చెప్పుకునే అలవాటు పెట్టుకుంటే ఖర్చు ఏమీ ఉండదు. రుగ్మత ఉన్న ఒక్కరిని వేలెత్తి చూపకుండా అందరూ చెప్పుకోవాలి. ప్రతి ఇంట్లోనూ ఒక అటక ఉంది కదా.

ఇంటి లోపలికి వచ్చే మనిషి కూడా ఉంది. 2021 ఆగస్టు 5న తమిళనాడు ప్రభుత్వం మొదలుపెట్టిన మక్కళై తేడి మరుత్తువం పథకంలో మహిళా ఆరోగ్య కార్యకర్తలు బీపీ, షుగర్ చూడడానికి ఇంటికే వస్తారు. మాత్రలు ఇస్తారు. ఊళ్లో ఏ ముసలావిడ గడప దాటనివ్వదో వాళ్లకు తెలుస్తుంది. ఆ తొమ్మిది ఫొటోలు వాళ్ల సంచిలో ఉంటే, నిందించకుండా మాట్లాడే రెండు ముక్కలు నేర్పితే, ఈ సమస్య మొదటిసారి ఆరోగ్య వ్యవస్థ కంటపడుతుంది. వైద్యం అవసరమైతే జిల్లాలోనే 2022 జనవరిలో ప్రారంభమైన విరుదునగర్ ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉంది, ఇంకా కావాలంటే మదురై ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేస్తే డబ్బు తీసుకోరు. తమిళంలోనూ తెలుగులోనూ మాట్లాడొచ్చు. మానసిక వైద్యం అంటే బలవంతంగా తీసుకుపోతారన్న భయం ఉన్నవాళ్లకు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గురించి చెప్పాలి. అవసరమైతే తోడు తీసుకుని తన వైద్యం గురించి తానే తేల్చుకునే హక్కు మనిషికి ఉందని ఆ చట్టం మొదలుపెడుతుంది. ఇంటి సామానుకూ ఆ సూత్రమే సరిపోతుంది.

మగ్గాల షెడ్లలో ఆయుధ పూజ నాటి శుభ్రత ఇంకో ఆధారం. యంత్రం ఆపి, దుమ్మూ దూదీ దులిపి, కడిగి, బొట్టు పెట్టి దండం పెడతారు. శుభ్రం చేయడం అక్కడ అవమానం కాదు, పూజలో భాగం. ఇంటి పనికి కూడా ఆ గౌరవం ఇవ్వగలిగితే సగం ముళ్లు విడిపోతాయి.

ఇక వదిలిన వస్తువు ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్నను పాశ్చాత్య పరిశోధనలు తక్కువగా పట్టించుకున్నాయి, మనకు మాత్రం ఇదే కీలకం. మన మనిషికి పారేయడం కష్టం, ఇవ్వడం సులువు. పాత ఇనుము, కాగితం కొనేవాళ్లు వీధిలోకే వస్తారు. దేవుడి పటాలను రావి చెట్టు కింద పెట్టే మర్యాద ఉంది. బడి పుస్తకాలకు కింది తరగతి పిల్లలున్నారు. తిరునెల్వేలిలో అన్బు సువర్ పేరుతో పెట్టిన గోడ దగ్గర అక్కర తీరినవాళ్లు బట్టలు, వస్తువులు ఉంచితే అక్కర ఉన్నవాళ్లు తీసుకుంటారు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రాన్ని నడిపిన పి.ఎస్. కుమారస్వామి రాజా రాజపాళయంలోని తన ఇంటినే గాంధీ కలై మండ్రం అనే కళా సంస్థకు ఇచ్చేశారు. ఇచ్చిన ఇంటికి గౌరవం పెరిగిందే గాని తగ్గలేదు. ఇలాంటి ఉదాహరణ కళ్ల ముందున్న ఊళ్లవాళ్లకు, వదలడం అంటే పోగొట్టుకోవడం కాదని చెప్పడం కష్టం కాదు.

రెండు జాగ్రత్తలు. పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చే బేరం ఈ రుగ్మత ఉన్నవాళ్లకు మంచిది కాదు, చీరలు పోయిన చోట గిన్నెలు పేరుకుంటాయి. బదులు ఏమీ తేని దారే ఎంచుకోవాలి. అలాగే సరైన మనిషికే ఇవ్వాలన్న పట్టుదల వదలకపోవడానికి ఇంకో సాకుగా మారుతుంది. తీసుకునేవాళ్లు ఎవరో ముందే ఖాయం చేసుకోవాలి, సంచి నిండిన రోజే అది గడప దాటాలి.

తేలినది

ముప్పయ్యేళ్ల పరిశోధన ఎన్నో మాటలు చెప్పినా వాటి కింద ఒకే సారం ఉంది. ఒంటరిగా ఈ మనిషి బయటపడడం కష్టం, ఇంకొకరు ఆ మనిషి బదులు తీర్మానిస్తే బయటపడడం ఇంకా కష్టం. తీర్మానం ఆ మనిషిది, తోడు మనది. ఈ హద్దు తెలిసిన పొరుగావిడ ఏమీ చదువుకోకపోయినా గొప్ప సాయం చేయగలదు. ఈ హద్దు తెలియకపోతే ఎంత ప్రేమ ఉన్న కొడుకైనా హాని చేస్తాడు.

ఆశ ఎంత పెట్టుకోవాలో కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. అద్దంలాంటి ఇల్లు చాలామందికి రాదు. ఆ ఆశతో వెళ్లిన కుటుంబం మూడో నెలలో విసిగి మానేస్తుంది, మనిషి మళ్లీ ఒంటరవుతుంది. పొయ్యి చుట్టూ చోటు, తెరుచుకునే తలుపు, పడుకోవడానికి మంచం, చుట్టం వస్తే కూర్చోబెట్టే ఒక కుర్చీ. ఇవి దక్కితే ఆ ఏడాది గెలిచినట్టే లెక్కపెట్టాలి. గుట్టలు మళ్లీ పెరుగుతాయి, మళ్లీ కూర్చోవాలి. షుగర్ ఉన్నవాళ్లకు జీవితాంతం మాత్రలు ఇస్తూ ఎవరూ విసుక్కోరు కదా. ఈ జబ్బుకు కూడా అంతే ఓపిక న్యాయం.

కాబట్టి వచ్చే భోగికి మీ వీధిలో అలాంటి ఇల్లు ఉంటే మంట గురించి ఆలోచించకండి. దానికి రెండు నెలల ముందే వెళ్లి తలుపు తట్టండి. ఏమీ తీసేయడానికి రాలేదని మొదటి మాటగా చెప్పండి, ఆ మాట నిలబెట్టుకోండి, వారం తర్వాత మళ్లీ వెళ్లండి.